యావ: దయ్యాల పరిశోధకుడు హ్యారీ ప్రైస్ వ్యక్తిత్వంపై ఒక కేస్ స్టడీ

ఈ కేసులోని మనిషిని నేను చూడలేదు, చూసే వీలూ లేదు. హ్యారీ ప్రైస్ 1948 మార్చి 29న ఇంగ్లండులోని ససెక్స్ ప్రాంతంలో, పల్‌బరో అనే ఊళ్లోని తన ఇంట్లో గుండెపోటుతో చనిపోయారు. స్వయంగా పరీక్షించని ప్రముఖుల మానసిక స్థితిపై వృత్తిపరమైన తీర్పు చెప్పకూడదని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లో నియమం పెట్టుకుంది. అది మనోవైద్యుల కోసం పెట్టుకున్నదే అయినా క్లినికల్ సైకాలజిస్టునైన నాకూ వర్తిస్తుందనే అనుకుంటాను. కాబట్టి ప్రైస్‌కు ఏ జబ్బు పేరూ తగిలించబోవడం లేదు. ఆయన చేసిన పనుల్లోనూ, రాసిన రాతల్లోనూ, చుట్టూ ఉన్నవాళ్లు వదిలివెళ్లిన సాక్ష్యాల్లోనూ పదే పదే కనిపించే నడవడిని మాత్రం వరుసలో పెట్టి చూస్తాను.

ఇంత పాతదీ, ఇంత దూరపుదీ అయిన కేసును ఎంచుకోవడానికి కారణం ఉంది. కొడుకు రాత్రిళ్లు పాడుబడ్డ బంగళాల్లో రికార్డర్ పెట్టుకుని కూర్చుంటున్నాడనో, భర్త జీతంలో సగం మీటర్లకూ కెమెరాలకూ తగలేస్తున్నాడనో చెప్పుకుంటూ కుటుంబసభ్యులు అప్పుడప్పుడు మా దగ్గరికి వస్తారు. వారి కథలు నా దగ్గరే ఉండిపోవాలి, బయట పెట్టడానికి వీల్లేదు. ప్రైస్ మాత్రం తన జీవితమంతా పత్రికల ముందు, రేడియో ముందు, సాక్షుల ముందు గడిపి, కాగితం ముక్క కూడా పారేయకుండా దాచిపెట్టి వెళ్లారు.

అబ్సెషన్ అన్న మాటకు మనవాళ్లు సాధారణంగా చాదస్తం అంటారు. నేను ఈ కేసుకు ఆ మాట వాడను. చాదస్తం ఉన్నవాడికి తాను చేసేది అనవసరమని లోపల తెలుస్తూనే ఉంటుంది. తలుపు గడియ నాలుగోసారి చూసుకోవడానికి వెళ్తూ తనను తానే తిట్టుకుంటాడు. డబ్బు యావ, పదవి యావ, పేకాట యావ అంటామే, ఆ యావ వేరు. అది పట్టినవాడికి అందులో బాధ కనిపించదు, పైగా బతుక్కి అర్థమంతా అక్కడే ఉందనిపిస్తుంది. బాధ పడేది ఇంట్లోవాళ్లు. అందుకే యావ ఉన్నవాడు తనంతట తాను క్లినిక్ మెట్లెక్కడం అరుదు.

పూర్వ వృత్తాంతం

ప్రైస్ 1881 జనవరి 17న లండన్‌లో పుట్టారు. తండ్రి ఒక కాగితపు కంపెనీ తరఫున ఊళ్లు తిరిగి సరుకు అమ్మే ఉద్యోగి. ప్రైస్ కూడా బతుకుతెరువుకు కాగితం అమ్మకాలనే పట్టుకున్నారు. 1908లో పెళ్లయింది. పల్‌బరోలో కాపురం, లండన్‌లో వ్యాపకం. భార్య గురించి ఆయన రాతల్లో కనబడేది బహు తక్కువ.

ఇది రికార్డుల్లో ఉన్న జీవితం. 1942లో అచ్చయిన ఆత్మకథలో ఉన్నది ఇంకొకటి. అందులో ఆయన మూలాలు ష్రాప్‌షైర్ ప్రాంతపు పల్లెసీమకు, పరువు ప్రతిష్ఠలున్న కుటుంబానికి మారిపోయాయి. ట్రెవర్ హాల్ అనే పరిశోధకుడు జనన రికార్డులూ బడి రికార్డులూ తిరగేసి 1978లో ఈ తేడాలన్నీ బయటపెట్టారు. ప్రైస్‌కు కుర్రతనం నుంచీ పాత నాణేల పిచ్చి ఉండేది. పల్‌బరో పరిసరాల్లో దొరికిందని ఆయన చూపించిన రోమన్ కాలపు వెండి కడ్డీని ఆ రంగంలో పెద్ద పండితుడొకరు నకిలీదని తేల్చారు. ఊళ్లోవాళ్ల మాటల్లో నిజమెంతో తూచడమే వృత్తిగా పెట్టుకున్న మనిషి తన పుట్టుక గురించి తూకానికి నిలవని మాటలు రాసుకోవడం విచిత్రంగానే ఉంటుంది. ఈ సంగతిని అబద్ధాల ఖాతాలో వేసి ఊరుకుంటే కేసు అర్థం కాదని నా అభిప్రాయం. తన కథకు సాక్షి తానొక్కడే అయి ఉండాలన్న కోరిక ఇక్కడే తొలిసారి కనిపిస్తోంది. అది చివరిదాకా వదలలేదు.

పదిహేనేళ్లప్పుడు ఒక స్నేహితుడితో కలిసి దయ్యాలున్నాయని చెప్పుకునే ఇంట్లో రాత్రంతా కాపలా కాసినట్టు ఆయన రాసుకున్నారు. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించగానే మెరుపు మందు వెలిగించి ఫొటో తీశారట. ప్లేటు కడిగి చూస్తే ఖాళీ మెట్లు తప్ప ఏమీ లేవు. ఆ సంఘటన నిజంగా జరిగిందో లేదో గాని, దాదాపు యాభై ఏళ్ల తర్వాత కూడా తన కథను ఆ ఖాళీ మెట్ల ఫొటో నుంచే మొదలుపెట్టుకోవడం గమనించదగ్గది.

ఛేదించిన కేసులు

ప్రైస్‌ను కేవలం మోసగాడుగా కొట్టిపారేసేవాళ్లు ఆయన చేసిన మంచి పనిని చూడరు. 1920లో అతీంద్రియ విషయాలను పరిశోధించే సొసైటీ ఫర్ సైకికల్ రీసెర్చ్‌లో, 1922లో ఇంద్రజాలికుల సంఘమైన మ్యాజిక్ సర్కిల్‌లో సభ్యుడయ్యారు. ఒకచోట ప్రశ్న, ఇంకోచోట కిటుకులు దొరికాయి. క్రూ అనే ఊళ్లో విలియం హోప్ అనే ఫొటోగ్రాఫర్, చనిపోయినవారి ముఖాలు ఫొటోలో పడేటట్టు చేస్తానని పేరు తెచ్చుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధంలో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు అలాంటివారి చుట్టూ తిరుగుతున్న రోజులవి. ప్రైస్ తన వెంట తీసుకెళ్లిన గాజు ప్లేట్ల మీద, వాటిని తయారుచేసిన కంపెనీ ముద్రను ఎక్స్‌రేతో ముందే రహస్యంగా వేయించారు. ప్లేటు కడిగితే ముద్ర బయటపడాలి. ఆత్మ కనిపించిన ప్లేటు మీద ముద్ర లేదు, అంటే మధ్యలో ప్లేటు మారిపోయింది. ఇంత శుభ్రమైన పరీక్ష ఈ రంగంలో అరుదు. అయినా హోప్ భక్తులు చెక్కుచెదరలేదు. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త ఆర్థర్ కానన్ డాయిల్ హోప్ పక్షాన నిలబడి వాదించారు.

1926లో ప్రైస్ లండన్‌లో నేషనల్ లేబొరేటరీ ఆఫ్ సైకికల్ రీసెర్చ్ తెరిచారు. 1931లో, చనిపోయినవారి ఆత్మలను రప్పిస్తానని చెప్పుకునే హెలెన్ డంకన్ అనే మీడియం నోటినుంచి వెలువడే ‘దివ్యపదార్థం’ పలచటి నేతగుడ్డ అనీ, ముందే మింగి తర్వాత కక్కుతోందనీ అక్కడే తేల్చారు. ఎక్స్‌రే తీస్తామనేసరికి ఆమె కేకలు వేస్తూ వీధిలోకి పరుగెత్తింది.

మన పాఠకులకు దగ్గరగా ఉండే ప్రయోగం 1935 సెప్టెంబరులో జరిగింది. కాశ్మీరుకు చెందిన ఖుదా బక్ష్, రంగస్థలం మీద ‘కుదా బక్స్’గా పేరుపడ్డవాడు, లండన్ దగ్గర కార్షల్టన్‌లో నిప్పుల గుండం మీద ఉత్తకాళ్లతో నడిచాడు. నిప్పుల పైపొర వేడి 430 డిగ్రీల సెల్సియస్, లోపల 1,400 డిగ్రీలు అని కొలిచారు. డాక్టర్లు ముందూ వెనకా అరికాళ్లు పరీక్షిస్తే బొబ్బలు లేవు. పీర్ల పండుగకో వీరభద్రుడి జాతరకో గుండం తొక్కడం చూసిన తెలుగువాడు దాన్ని మొక్కు అంటాడు, మహిమ అంటాడు. ప్రైస్ బృందం అడుగు ఎంతసేపు ఆనింది, కట్టెబొగ్గు వేడిని ఎంత నెమ్మదిగా వదులుతుంది అన్న లెక్కల్లోకి దిగింది. మందు పూసుకోలేదు, మాయ లేదు, అడుగు ఆనే క్షణం చిన్నది, బొగ్గుకు ఉష్ణవాహకత తక్కువ అన్నదే సారాంశం. మరుసటి ఏళ్లలో ఇంకొందరిని నడిపించి చూశాక విషయం తేలిపోయింది. రెండేళ్లలో ఆ ఫైలు మూతబడింది. ఆయన చేసిన శాస్త్రీయమైన పనిలో నా దృష్టికి ఇదే ఉత్తమం, ఆయన పేరు చెప్పగానే ఎవరికీ గుర్తురానిదీ ఇదే.

ప్రశ్న ఎవరిది?

ఆస్ట్రియాకు చెందిన రూడీ ష్నైడర్ అనే మీడియంను ప్రైస్ 1929లో లండన్ రప్పించి పరీక్షించి, అతని శక్తి నికార్సయినదని ఊరంతా చాటారు. తర్వాత వేరే పరిశోధకులు, ముఖ్యంగా ప్యారిస్‌లో, అదే మనిషితో పరారుణ కిరణాలు పెట్టి ప్రయోగాలు చేసి పేరు తెచ్చుకున్నారు. 1932 వసంతంలో ప్రైస్ మళ్లీ ష్నైడర్‌తో కూర్చున్నారు. ఏప్రిల్‌లో తీసిన ఒక ఫొటోలో, పరీక్షకుల పట్టులో ఉండాల్సిన అతని చెయ్యి విడిపడి వెనక్కి ఉన్నట్టు కనిపించింది. నిజాయితీగల పరిశోధకుడు ఆ రాత్రే సహచరులకు చెప్పాలి. ప్రైస్ దాదాపు ఏడాదిపాటు దాన్ని దగ్గర పెట్టుకున్నారు. ఈలోపు లార్డ్ చార్లెస్ హోప్ (క్రూ ఫొటోగ్రాఫర్ కాదు, వేరే పరిశోధకుడు) బృందం తమ సొంత ప్రయోగాలు పూర్తి చేసుకుని ఫలితాలు ప్రకటించే దశకు వచ్చింది. 1933 మార్చిలో ప్రైస్ ఫొటోను పత్రికలకు విడుదల చేసి వారి పనిమీద నీళ్లు చల్లారు. ఆ ఫొటో విశ్వసనీయతను కూడా తర్వాతి పరిశోధకులు ప్రశ్నించారు. అది అసలుదైనా సరే, కాకపోయినా సరే, విడుదలైన సమయమే నాకు ముఖ్యం. ష్నైడర్ నిజమైనవాడా కాదా అన్నది అప్పటికి ప్రైస్‌కు పట్టలేదనుకుంటాను. ఆ ప్రశ్న తన చేతిలోనుంచి జారిపోవడాన్ని మాత్రం ఆయన భరించలేకపోయారు.

అలా చూస్తే, పరస్పరం పొసగవనిపించే ఆయన పనులు ఒక తాడుకు గుచ్చుకుంటాయి. 1932లో జర్మనీలోని బ్రోకెన్ కొండ మీద పాత మంత్రగ్రంథం ప్రకారం మేకను అందగాడైన యువకుడిగా మార్చే తంతును తత్వవేత్త జోడ్‌ను వెంటబెట్టుకుని, పత్రికలవాళ్ల ఎదుట జరిపించారు. మేక మేకగానే ఉంది. ఆయన ఆ తంతును నమ్మలేదు, నమ్మానని అనలేదు కూడా. 1935లో ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలోని ఒక పొలంలో జెఫ్ అనే మాట్లాడే ముంగిస ఉందంటే అక్కడికీ వెళ్లారు. ముంగిసదని పంపిన వెంట్రుకలు ఆ ఇంటి కుక్కవని తేలింది. అయినా మరుసటి సంవత్సరం దాని మీద పుస్తకం వచ్చింది. 1936 మార్చిలో దయ్యాల ఇంటినుంచి బీబీసీలో ప్రత్యక్ష ప్రసారం నడిపారు. నమ్మేవాళ్లు ఆయన్ని ద్రోహి అన్నారు, నమ్మనివాళ్లు గారడీవాడన్నారు. ఆయన ఏ పక్షంలోనూ లేరు. పక్షాలు రెండూ తన గుమ్మంలో నిలబడి తీర్పుకోసం ఎదురుచూసే స్థితి ఒక్కటే ఆయనకు కావలసింది.

దానికొక పీఠం కావాలని కూడా గట్టిగా కోరుకున్నారు. దాదాపు 13,000 పుస్తకాల తన గ్రంథాలయాన్ని లండన్ విశ్వవిద్యాలయానికి అప్పగించారు, అది ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ విశ్వవిద్యాలయం ఈ శాస్త్రానికి విభాగం పెట్టడానికి జంకుతుంటే, నాజీ పాలనలోని బాన్ విశ్వవిద్యాలయంతోనూ మంతనాలు సాగించారు. యావ పట్టినవాడు తలుపు తీసింది ఎవరని చూడడు.

బోర్లీ ఇల్లు

ఎసెక్స్ ప్రాంతంలోని బోర్లీ గ్రామంలో 1860ల తొలినాళ్లలో కట్టిన మతగురువు నివాసం బోర్లీ రెక్టరీ. 1929 జూన్‌లో అక్కడ కాపురముంటున్న దంపతులు ఇంట్లోని వింతల గురించి ఒక పత్రికకు చెప్పడం, ఆ పత్రిక ప్రైస్‌ను పంపించడం జరిగాయి. ఆయన అడుగుపెట్టిన రోజే అంతకుముందు లేని కొత్త వింతలు మొదలయ్యాయి. రాళ్లు పడ్డాయి, పూలకుండీ పగిలింది. ఆయన వెళ్లిపోతే తగ్గాయి. ఆ ఇంటి ఇల్లాలు ప్రైస్‌నే అనుమానించినట్టు తర్వాత బయటపడింది. ఆ రోజుల్లోనే వెంట ఉన్న ఒక విలేఖరి, రాయి తగిలాక ప్రైస్‌ను పట్టుకుని చూస్తే కోటు జేబుల్లో గులకరాళ్లున్నాయని ఆయన మరణానంతరం రాశాడు.

1930 తర్వాత వచ్చిన ఫాయ్‌స్టర్ దంపతుల కాలంలో వింతలు వందల్లోకి చేరాయి. 1931లో ప్రైస్ అక్కడ ఒక రాత్రి గడిపి, ఇదంతా ఆ ఇల్లాలి పనేనని తేల్చుకుని బయటికొచ్చారు. ఆ అభిప్రాయాన్ని మిత్రులకు చెప్పారు కూడా. ఒక పరిశోధకుడిగా ఆయనకు బోర్లీ అక్కడ ముగిసిపోవాలి. ఆరేళ్లు గడిచాక, 1937లో, ఖాళీగా పడి ఉన్న అదే ఇంటిని ఏడాదికి అద్దెకు తీసుకుని టైమ్స్ పత్రికలో ప్రకటన వేసి 48 మంది పరిశీలకులను చేర్చుకున్నారు.

క్లినికల్ దృష్టితో చూస్తే ఈ కేసంతటికీ గుండెకాయ ఆ పరిశీలకులకు ఇచ్చిన చిన్న నీలం పుస్తకం. ఎలా ఉండాలి, ఏం రాయాలి, గంటగంటకూ ఏ గదులు తిరగాలి అన్న సూచనలతో పాటు, ఆ ఇంట్లో ఇప్పటిదాకా ఏయే వింతలు ఎక్కడెక్కడ జరిగాయో కూడా అందులో ఉన్నాయి. పరీక్ష రాసేవాడికి ప్రశ్నపత్రంతో పాటు జవాబులూ చేతిలో పెట్టడమే అది. చలికాలపు రాత్రి, కరెంటు లేని పాత ఇల్లు, ఎలుకలు, చప్పుడును అటూ ఇటూ విసిరే లోగిలి, చేతిలో లాంతరు, ఏం జరగాలో ముందే చెప్పిన పుస్తకం: ఇన్ని కలిసొచ్చినప్పుడు మామూలు మనిషికి ఏమీ వినిపించకపోతేనే ఆశ్చర్యపడాలి. గోడల మీద పెన్సిలు గీతలు కనిపించేవి. పరిశీలకులు ప్రతి గీత చుట్టూ సున్నా చుట్టి తేదీ వేసేవారు, మరుసటి వారం వచ్చినవారు సున్నా లేని గీత దొరికితే కొత్తదిగా నమోదు చేసేవారు. ఆ గీత మొన్నటిదా, పదేళ్ల కిందటిదా, పక్కవాడి పెన్సిలు తగిలి పడ్డదా అన్న ప్రశ్నకు సున్నాల్లో జవాబు లేదు.

ప్రైస్ పరికరాల పెట్టె కూడా ఇలాంటిదే. చప్పుడు రాకుండా మెత్తని ఫెల్ట్ చెప్పులు, ఉక్కు కొలతటేపు, తలుపులకు వేసే సీసపు ముద్రలు, దారం, సుద్ద, థర్మామీటరు, నేల అదిరితే కనిపెట్టడానికి పాదరసం గిన్నె, కెమెరా, టించర్ అయోడిన్, ఒక బుడ్డిలో బ్రాందీ. ఈ పెట్టె సర్దుకోవడంలో ఒక పూజ సామగ్రి అమర్చుకునే శ్రద్ధ ఉంది. మా దగ్గరికి వచ్చేవాళ్లలోనూ ఇదే చూస్తుంటాను. మీటరు కొత్తది కొన్నప్పుడు ముఖంలో కనిపించే వెలుగు, ఆ మీటరు చూపించిన అంకె గురించి మాట్లాడేటప్పుడు కనిపించదు.

1939 ఫిబ్రవరిలో బోర్లీ ఇల్లు కాలిపోయింది. 1940లో ప్రైస్ దాన్ని ఇంగ్లండు మొత్తం మీద దయ్యాలు ఎక్కువగా ఉన్న ఇల్లుగా చూపుతూ పుస్తకం వేశారు. 1931లో తాను స్వయంగా చేరుకున్న నిర్ణయం అందులో ఉండాల్సిన బరువుతో కనిపించదు. 1943లో కాలిపోయిన ఇంటి నేలమాళిగ తవ్వి ఎముకలు తీశారు, 1946లో రెండో పుస్తకం వచ్చింది. 1956లో డింగ్‌వాల్, గోల్డ్‌నీ, హాల్ అనే ముగ్గురు పరిశోధకులు కలిసి ఆ సాక్ష్యాలన్నీ తిరగదోడి బోర్లీ కథను దాదాపు నేలమట్టం చేశారు. మొదటి ఇద్దరూ ఒకప్పుడు ప్రైస్‌తో కలిసి పనిచేసినవాళ్లే.

రొజాలీ

1937 డిసెంబరులో, లండన్‌లోని ఒక ఇంట్లో ఆత్మలను పిలవడానికి జరిగిన కూటమి గురించి ప్రైస్ రాసిన కథనం ఈ కేసులో నన్ను ఎక్కువగా ఆపింది. చనిపోయిన ఆరేళ్ల పాప రొజాలీ తల్లికోసం చీకటిలో వస్తుందని చెప్పుకునే కూటమి అది. ప్రైస్ తలుపులకు ముద్రలు వేసి, నేలమీద పిండి చల్లారు. తర్వాత తన చేతికి ఒక చిన్న పిల్ల శరీరం తగిలిందని, నాడి చూశానని, గుండె చప్పుడు విన్నానని, మెరిసే పలకల వెలుతురులో ముఖం చూశానని రాశారు. ఫొటోగ్రాఫర్ హోప్‌నూ డంకన్‌నూ పట్టించిన మనిషి ఇక్కడ నిస్సహాయుడై పోయాడు. తన ప్రయోగశాలలో మళ్లీ జరిపించాలన్న ప్రయత్నం ఫలించలేదు. ఎవరో బతికున్న పిల్లను లోపలికి తెచ్చి ఆయన్ని మోసగించారని కొందరు, కథంతా ఆయన అల్లిందేనని ఇంకొందరు వాదించారు.

రెండింటిలో ఏది నిజమైనా ఆ కథనంలో ఒక లక్షణం మారదు. ఇల్లు ఎక్కడుందో చెప్పరు, పేర్లు చెప్పరు, వేరే పరిశోధకుడు వెళ్లి చూడడానికి దారి లేదు. ఆయనకు బాగా నచ్చిన కేసు సరిగ్గా ఎవరూ తలుపు తట్టలేని కేసే అయింది.

నా అంచనా

ఇది ఓసీడీ (ఇందాక చెప్పిన చాదస్తపు జబ్బు) నమూనాకు సరిపోదు, చేసే పని ఆయనకు ఇష్టంగా ఉంది గనక. భ్రాంతి రోగమూ కాదు. సాక్ష్యం ఎదురైతే అభిప్రాయం మార్చుకోగల శక్తి ఆయనలో ఉంది, ఒక్కోసారి మరీ ఎక్కువగా ఉంది. వట్టి మోసం అనడానికి నిప్పుల గుండం లెక్కలు, ఎక్స్‌రే ముద్రలు అడ్డొస్తాయి. జర్మన్ మనోవైద్యుడు వెర్నికె కాలం నుంచి మా శాస్త్రంలో ‘అతివిలువ కట్టిన భావన’ అనే మాట ఉంది: భ్రాంతి అనలేనిదే గాని, జీవితంలో మిగిలినవన్నీ తన చుట్టూ తిరిగేటట్టు చేసుకునే ఒక ఆలోచన. ప్రైస్ విషయంలో ఆ భావన దయ్యాలు ఉన్నాయన్నది కాదు. ఉన్నాయో లేవో చెప్పవలసినవాణ్ణి నేను అన్నది.

ఈ యావ ఏళ్ల తరబడి ఎందుకు చల్లారదో ప్రవర్తనా శాస్త్రం కొంత చెబుతుంది. ఎప్పుడు వస్తుందో తెలియని బహుమతి, ప్రతిసారీ వచ్చే బహుమతికంటే అలవాటును గట్టిగా నిలబెడుతుంది. పేకాటలో అదే జరుగుతుంది. ఇరవై రాత్రులు ఏమీ జరగని ఇంట్లో ఇరవై ఒకటో రాత్రి ఒక తలుపు దానంతట అదే కదిలితే, ఆ ఇరవై రాత్రులూ వృథా కాలేదనిపిస్తుంది. బోర్లీని ప్రైస్ పంతొమ్మిదేళ్లు మోయడంలో దీని పాత్ర ఉంది. కానీ పేకాడేవాడు ముక్కలు తానే కలపడు. ప్రైస్ కొన్నిసార్లు కలిపినట్టే ఉంది. జేబులో గులకరాళ్ల కథ నిజమైతే, ఆయన జనాన్ని మోసం చేయడానికే వాటిని వేసుకున్నారని నేను అనుకోవడం లేదు. ఖాళీ ఇల్లు ఆయన్ని భయపెట్టింది. మెట్లమీద ఎవరూ లేని ఫొటో ఇంకొకటి తీసుకుని ఇంటికి వెళ్లడం ఆయన వల్ల కాలేదు. ఇది నా ఊహ. ఇంతకంటే గట్టిగా చెప్పడానికి ఆధారం లేదు.

ఇలాంటివారిని తీసుకొచ్చే కుటుంబాలు ముందుగా దయ్యాలు లేవని వాళ్లకు చెప్పండి డాక్టర్ గారూ అని అడుగుతాయి. అది పని చేయదు. ఉన్నాయా లేవా అన్న వాదనే అతనికి కావలసిన మేత, నేను వాదిస్తే రెండో పక్షం కూడా అతని గుమ్మంలోకి వచ్చినట్టే. నేను రికార్డింగులు వినను, వినమంటే తర్వాతి సారి అంటాను. నిద్ర గంటలు, ఖర్చు పుస్తకం, పిల్లలతో గడిపిన సాయంత్రాలు రాయమంటాను. కొలవడం వారికి బాగా వచ్చు గనక ఇవి కూడా శ్రద్ధగానే కొలుస్తారు. రెండు నెలల్లో మీటరు అమ్మేసినవారు ఉన్నారు, మూడో వారం నుంచి రానివారు అంతకంటే ఎక్కువ.

ప్రైస్ చనిపోయేనాటికి బోర్లీ మీద మూడో పుస్తకానికి సన్నాహాలు చేసుకుంటున్నారు. ఇల్లు కూల్చేసి అప్పటికి నాలుగేళ్లయింది.